పిల్లలతో మొదటి క్యాంపింగ్: ముందు రాత్రి నిద్ర సంగతి చూడండి

పిల్లలతో మొదటిసారి ఆరుబయట టెంటులో పడుకోబోతున్నారా? అయితే అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది రాత్రి గురించి. పగలు పిల్లలు ఎక్కడైనా ఆడుకుంటారు. మట్టి, పుల్లలు, చీమల బారు ఉంటే వాళ్లకు పొద్దు గడిచిపోతుంది. రాత్రి చలేసినా, భయమేసినా, పక్క తడిసినా ఇంటిల్లిపాదికీ జాగారమే. మర్నాడు ఎంత అందమైన చోటైనా ఎవరి కంటికీ ఆనదు. "నేనింక టెంటులో పడుకోను" అని పిల్ల ఒకసారి అనేసిందంటే మళ్లీ ఒప్పించడానికి ఏడాది పడుతుంది. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా పడక చుట్టూనే తిరుగుతుంది. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం. ఏడాది లోపు బిడ్డకు కావాల్సిన వేరే జాగ్రత్తలు ఆయా చోట్ల వస్తాయి.

నెల ముందు: ఎక్కడికి, ఎన్నాళ్లు

మొదటిసారికి ఒక్క రాత్రి చాలు. రెండో రోజుకు పిల్లలు అలవాటు పడతారు కాబట్టి రెండు రాత్రులు పెట్టుకోమని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. కాకపోతే మొదటి రాత్రి కన్ను మూతపడకుండా గడిస్తే, రెండో రాత్రికి ముందుగా ఓపిక నశించేది పెద్దవాళ్లకే.

ఇంటి నుంచి కారులో గంట, మహా అయితే రెండు గంటల దూరంలో చోటు చూసుకోండి. అంతకన్నా దూరమైతే పిల్లలు దారిలోనే అలిసిపోయి, దిగీ దిగగానే మారాం మొదలుపెడతారు. అర్ధరాత్రి తిరిగి రావాల్సి వస్తే నిద్రమత్తులో అంత దూరం బండి నడపడం ప్రమాదం కూడా. కారు టెంటు పక్కదాకా వెళ్లే చోటైతేనే మంచిది. సామాను వీపున వేసుకుని నడిచే క్యాంపింగ్ నాలుగైదు సార్లు ఇలా వెళ్లొచ్చాక ఆలోచించవచ్చు.

చోటు ఖరారు చేసేముందు ఫోన్ చేసి కొన్ని అడగండి. మరుగుదొడ్డి ఉందా, రాత్రి అక్కడ దీపం వెలుగుతుందా? తాగునీళ్లు దొరుకుతాయా? నెగడు వేసుకోనిస్తారా? ఫోన్ సిగ్నల్ అందుతుందా? రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి ఎంత దూరం? చాలామంది మరిచిపోయే ప్రశ్న ఒకటుంది: రాత్రి గేటుకు తాళం వేస్తారా, వేస్తే తాళం ఎవరి దగ్గరుంటుంది? పిల్లకు జ్వరమొచ్చి రెండింటికి బయల్దేరాల్సి వస్తే అప్పుడు వెతుక్కోకూడదు.

ఐదేళ్ల లోపు పిల్లలుంటే చెరువు గట్టున, ఏటి ఒడ్డున టెంటు వద్దు. పసిపిల్లలు నీళ్లలో పడితే కేకలు వినపడవు, చేతులు కొట్టుకోవడమూ కనపడకపోవచ్చు. చప్పుడు లేకుండా నిమిషాల్లో మునిగిపోతారు. ఆటకు నీటి దగ్గరికి తీసుకెళ్తే ఒక పెద్ద మనిషి చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి. పావుగంటకోసారి మనిషి మారాలి, మారేటప్పుడు "ఇప్పుడు నువ్వు చూస్తున్నావు" అని నోటితో చెప్పి మరీ మారాలి. ఇద్దరుంటే అవతలివాళ్లు చూస్తున్నారులే అని ఇద్దరూ అనుకోవడంతోనే ప్రమాదాలు జరుగుతాయి.

వాతావరణం విషయంలో మొహమాటం లేకుండా ఉండండి. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కన్నా తగ్గని, వాన సూచన లేని రోజులే మొదటిసారికి అనువు. కొండ మీదికి వెళ్తుంటే కింద ఊరి ఉష్ణోగ్రత చూసి లెక్క వేయకండి. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకూ సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద 20 ఉంటే వెయ్యి మీటర్లు పైన 13, 14 ఉంటుంది. రెండు తేదీలు అనుకుని పెట్టుకుంటే మొదటిది వాయిదా వేయాల్సి వచ్చినా పిల్లల మనసు చిన్నబోదు.

పెద్దవాళ్లిద్దరూ ముందే ఇంకో మాట అనుకోండి: ఏం జరిగితే తిరిగి వచ్చేస్తాం? జ్వరం, ఆగని వాంతులు, టెంటులోకి నీళ్లు రావడం, గంటసేపు ఎత్తుకున్నా ఊరుకోని ఏడుపు. ఇందులో ఏది జరిగినా చర్చ లేకుండా కారెక్కేయాలి. అర్ధరాత్రి చీకట్లో వాదించుకుంటూ తీసుకునే నిర్ణయం ఎప్పుడూ మంచిది కాదు.

టెంటు

టెంటు సంచి మీద "నలుగురికి" అని రాసి ఉంటే నలుగురు భుజాలు ఆనించుకుని పడుకోవడానికి అని అర్థం. సంచులకు, విడిచిన బట్టలకు, అడ్డదిడ్డంగా పొర్లే పిల్లలకు అందులో చోటు లేదు. నలుగురి కుటుంబానికి ఆరుగురి టెంటు తీసుకోండి. మొదటిసారికి కొనకుండా అద్దెకో, తెలిసినవాళ్ల దగ్గరో తెచ్చుకున్నా నష్టం లేదు.

చూడాల్సినవి మూడు. పైన కప్పే వాన గుడ్డ నేల దాకా దిగాలి. తల మీద టోపీలా చిన్నగా ఉంటే పక్కవాటుగా కొట్టే జల్లు లోపలికి వస్తుంది. గుడ్డ నీటిని ఎంతవరకు ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు. పైగుడ్డకు 2000, అడుగు గుడ్డకు 3000 ఉంటే నిశ్చింత. మూడోది, తలుపుకు ముందు చెప్పులు, తడి బట్టలు పెట్టుకునే చిన్న వసారా లాంటి చోటు ఉంటే పిల్లలున్న ఇంటికి అది ఎంతో అక్కరకొస్తుంది.

టెంటు ఇంటికి వచ్చాక రెండుసార్లు వేసి చూడండి. మేడ మీదో, పెరట్లోనో, ఖాళీ స్థలంలోనో. మొదటిసారి కాగితం చూసి, రెండోసారి చూడకుండా. మేకులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పైన నాలుగు అదనంగా పెట్టుకోండి. పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టి లోపలికి వెళ్లి కుట్ల వెంట చేత్తో తడమండి. తడి తగిలితే అక్కడ కుట్టు పూత అరిగినట్టు. వెళ్లేముందే పూత వేసి ఆరనివ్వాలి.

ఆ తర్వాత పిల్లలతో ఒక రాత్రి ఇంట్లోనే టెంటులో పడుకోండి. మేకులు లేకుండా నిలబడే టెంటైతే హాల్లోనే వేయొచ్చు. కొత్త వాసన, జిప్పు చప్పుడు, గుడ్డ మీద కదిలే నీడలు, ఇవన్నీ ఇంట్లో పరిచయమైపోతే బయట భయపెట్టవు. స్లీపింగ్ బ్యాగ్ జిప్పు ఎలా తీసుకోవాలో, టార్చి ఎలా వెలిగించాలో పిల్లలు స్వయంగా పదేసి సార్లు చేసి చూడాలి. చీకట్లో జిప్పు రాక ఇరుక్కుపోయాననుకున్న పిల్లను ఊరుకోబెట్టడం కష్టం.

పడక: చలి పైనుంచి కాదు, కిందినుంచి వస్తుంది

మొదటిసారి వెళ్లే వాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. దుప్పట్లన్నీ పైన కప్పుతారు, కింద ఒక పల్చటి చాప వేస్తారు. నేల ఒంటి వేడిని రాత్రంతా లాగేస్తూనే ఉంటుంది. పైగా ఒంటి బరువుకు కింద ఉన్న దూది, ఉన్ని అణిగిపోతాయి. వెచ్చదనం ఇచ్చేది వాటి మధ్య నిలిచే గాలే. అది పోయాక ఎంత మందం స్లీపింగ్ బ్యాగ్ అయినా వీపు వైపు ఒట్టి గుడ్డే.

కాబట్టి ముందు కింద పరుపు సంగతి చూడండి. మ్యాట్ల మీద "ఆర్ విలువ" అని ఒక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ నేల చలిని ఎక్కువ ఆపుతుంది. 15 డిగ్రీల రాత్రికి 2 చాలు, 5 డిగ్రీలకు దగ్గరైతే 3 నుంచి 4 ఉండాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ అంకెలు కలుస్తాయి. అంటే రెండు మామూలు ఫోమ్ మ్యాట్లు కలిపి ఒక మంచి మ్యాట్ పనిచేస్తాయి. ఇంట్లో చుట్టాలొస్తే ఊదే పెద్ద గాలి పరుపు మెత్తగా ఉంటుంది కానీ, లోపల గాలి తిరుగుతూ నేల చల్లదనాన్ని పైకి తెస్తుంది. అదే వాడాలనుకుంటే దాని మీద, పిల్లలకు దానికి మధ్య, ఒక ఫోమ్ మ్యాటో మందపాటి కంబళో పరవండి. నలుగురూ ఒకే గాలి పరుపు మీద పడుకుంటే ఒకరు పొర్లినప్పుడల్లా మిగతా ముగ్గురూ ఎగిరిపడతారు, అదొక ఇబ్బంది.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి: "కంఫర్ట్" (హాయిగా నిద్రపట్టేది), "లిమిట్" (ముడుచుకుని ఎలాగో తట్టుకోగలిగేది). కంఫర్ట్ అంకెనే చూడండి, లిమిట్ అంకెను నమ్మకండి. ఆ పరీక్షలు పెద్దవాళ్ల శరీరాన్ని బట్టి చేసేవి. పిల్లలకు అనుకున్న రాత్రి కన్నా ఐదు డిగ్రీలు తక్కువకు పనికొచ్చే బ్యాగ్ తీసుకోండి. పెద్దల బ్యాగ్‌లో పిల్లను పడుకోబెడితే కాళ్ల కింద మిగిలే ఖాళీని ఆ చిన్న ఒళ్లు వేడి చేయలేదు. ఖాళీ భాగాన్ని మడిచి కిందికి తోయండి, లేదా తాడుతో కట్టేయండి. ఆ మడత పాదాల కింద దిండులా కూడా ఉంటుంది.

ఏడాది లోపు బిడ్డకు స్లీపింగ్ బ్యాగ్, దిండు, వదులు దుప్పటి ఏవీ వద్దు. మొహం మీదికి జారితే తీసుకోలేదు. గాలి పరుపు కూడా వద్దు, మెత్తగా కుంగి ముక్కు మూసుకుపోయే ప్రమాదం ఉంది. గట్టిగా, చదునుగా ఉన్న సొంత పక్క మీద, వెల్లకిలా, చొక్కాలా తొడిగే పడక సంచిలో పడుకోబెట్టాలి. వెచ్చగా ఉందో లేదో చేతులు ముట్టుకుని తేల్చుకోకండి, అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పడుతుంటే ఒక పొర తీసేయాలి, చల్లగా తగిలితే ఒక పొర వేయాలి.

పడుకునే బట్టలు పగలు వేసినవి కాకూడదు. ఆడి ఆడి చెమట ఇంకిన నూలు చొక్కా చేత్తో పట్టుకుంటే పొడిగానే అనిపిస్తుంది, చీకటి పడ్డాక అదే ఒంటికి మంచులా తగులుతుంది. నూలు తడిని పట్టి ఉంచుతుంది, ఉన్ని, సింథటిక్ బట్టలు త్వరగా వదిలేస్తాయి. ప్రతి పిల్లకూ రాత్రికి మాత్రమే వాడే ఒక జత, ఒక జత మేజోళ్లు, ఒక టోపీ వేరే సంచిలో మూట కట్టి, ఆ సంచి పగలు ఎవరూ విప్పకుండా చూడండి.

పక్క తడపడం మానేసిన పిల్లలు కూడా కొత్త చోట తడపవచ్చు. చలికి, మరుగుదొడ్డికి వెళ్లాలన్న భయానికి, రెండింటికీ అది సహజం. కింద నీరు పట్టని గుడ్డ వేసి, అదనంగా ఒక కంబళి, ఒక జత బట్టలు, చెత్త సంచి తల దగ్గర పెట్టుకోండి. తడిసినవి సంచిలోకి, పొడివి ఒంటి మీదికి, రెండు నిమిషాల్లో మళ్లీ నిద్ర. దీపాలు వెలిగించి కోప్పడితే మిగతా పిల్లలూ లేస్తారు.

సామాను, తిండి, నీళ్లు

పెట్టెలు మూడు చేసుకోండి: వంట, పడక, బట్టలు. టెంటు, సుత్తి మాత్రం కారులోకి అన్నిటికన్నా చివర ఎక్కాలి, దిగేటప్పుడు అవే ముందు రావాలి కాబట్టి. వాన పడుతుండగా టెంటు కోసం సామానంతా రోడ్డు మీద దించే పరిస్థితి తెచ్చుకోవద్దు.

బట్టలు రోజుకు ఒక జతతో సరిపోవు. ఒక్క రాత్రికి ప్రతి పిల్లకూ మూడు జతలు, రెండు జతల చెప్పులు లేదా బూట్లు పెట్టండి. తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి ఉండాలి. పిల్లలకు సొంత వెలుగు ఉంటే చీకటి భయం సగం పోతుంది, పెద్దవాళ్లకు వాళ్లెక్కడున్నారో దూరం నుంచే తెలుస్తుంది. ఇవికాక మరిచిపోయేవి: తడి తుడుపు గుడ్డలు, పెద్ద చెత్త సంచులు ఐదారు, బట్టలారేసే తాడు, వెడల్పాటి టేపు, చిన్న చీపురు, పిల్లల పాటీ. పాటీ చూసి నవ్వేవాళ్లుంటారు, పట్టించుకోకండి. అర్ధరాత్రి చీకట్లో మరుగుదొడ్డి దాకా నడిపించడం కన్నా వసారాలో పాటీ నూరు రెట్లు నయం.

మందుల సంచిలో పిల్లల జ్వరం మందు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దెబ్బలకు పట్టీలు, సన్నని కొన ఉన్న పట్టకారు, వాళ్లు రోజూ వాడే మందులు. ప్రతి పిల్ల బరువు, ఆ బరువుకు డాక్టరు చెప్పిన మోతాదు కాగితం మీద రాసి సీసాకు రబ్బరుతో చుట్టండి. నిద్రకళ్లతో లెక్కలు వేయకూడదు.

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు, చేతులు, గిన్నెలు కడగడానికి అంతే. అక్కడి నీటి మీద అనుమానం ఉంటే తెర్లేలా ఒక నిమిషం పూర్తిగా మరగనివ్వాలి. 2000 మీటర్ల పైన ఎత్తులో మూడు నిమిషాలు, ఎందుకంటే అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి.

వంట విషయంలో కొత్తవి ప్రయత్నించకండి. పిల్లలు ఇంట్లో ఇష్టంగా తినేవే, ఇంట్లో వండుకెళ్లి అక్కడ వేడి చేసుకునేవే పెట్టండి. రాత్రి భోజనం ఒక గిన్నెలో అయిపోవాలి. ఐస్ పెట్టెను ముందురోజు రాత్రే ఐసు వేసి చల్లబరచండి. లీటరు సీసాల్లో గడ్డకట్టించిన నీళ్లు ముక్కల ఐసు కన్నా ఆలస్యంగా కరుగుతాయి, కరిగాక తాగొచ్చు. పాలు, గుడ్లు, వండినవి ఒక పెట్టెలో, తాగేవి ఇంకో పెట్టెలో ఉంచాలి. పిల్లలు దాహమని మూత తీసినప్పుడల్లా చల్లదనం పోతుంది కాబట్టి. పాడైపోయే ఆహారం చల్లదనం బయట రెండు గంటలు దాటితే, ఎండ 32 డిగ్రీలు మించిన రోజున ఒక గంట దాటితే, పిల్లలకు పెట్టకండి.

గ్యాస్ డబ్బాలో ఒట్టి బ్యూటేన్ ఉంటే సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కాదు, స్టౌ వెలగదు. చలి చోటికి వెళ్తే ప్రొపేన్ కలిసిన డబ్బా తీసుకోండి. డబ్బాను మంట దగ్గర వేడి చేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

చేరిన రోజు

పొద్దు గుంకడానికి కనీసం మూడు గంటల ముందు చేరాలి. దిగగానే పిల్లలకు ఏదైనా తినిపించి, ఒకరు వాళ్లను చూస్తుంటే ఇంకొకరు చోటు వెతకండి.

1. ముందు పైకి చూడండి. ఎండిపోయిన కొమ్మలు, వాలిన చెట్టు కింద టెంటు వేయకూడదు. గాలి లేని రాత్రి కూడా ఎండుకొమ్మ విరిగి పడుతుంది. మైదానంలో ఒంటరిగా నిలిచిన పెద్ద చెట్టు కింద వద్దు, పిడుగు భయం.

2. తర్వాత కిందికి చూడండి. ఎండిన వాగు దారి, గుంట, లోయ అడుగు పనికిరావు. ఎగువన వాన పడితే పొడి వాగులోకి నీళ్లొస్తాయి, రాత్రి చల్లగాలి పల్లానికే దిగుతుంది. కాస్త మిట్టగా, చదునుగా ఉన్న చోటు మేలు. పుట్టలు, చీమల బారులు, రాళ్ల గుట్టలు, పొదలు దూరంగా ఉండాలి.

3. ఎంచుకున్న చోట పట్టా పరిచి మీరే వెల్లకిలా పడుకుని చూడండి. ఏ రాయి ఎక్కడ గుచ్చుకుంటుందో, నేల ఎటు వాలిందో వీపుకే తెలుస్తుంది. కొద్దిగా వాలు ఉంటే తలలు ఎత్తు వైపు పెట్టుకోవాలి.

4. అడుగు పట్టా టెంటు అంచుల కన్నా నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. బయటికి వస్తే, పైనుంచి కారిన వాననీళ్లు దాని మీద నిలిచి టెంటు అడుగుకు చేరతాయి. రాత్రి టెంటు మునిగిందని చెప్పేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

5. తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు. ఉదయపు ఎండ నేరుగా పడే చోటైతే తెల్లారీ తెల్లారకముందే టెంటు పొయ్యిలా వేడెక్కి పిల్లలు లేచి కూర్చుంటారు. తూర్పున చెట్ల నీడ ఉండేలా చూసుకోండి.

6. మేకులు 45 డిగ్రీల వాలుగా దిగాలి, తల టెంటుకు దూరంగా వాలి, మొన టెంటు వైపు ఉండాలి. నిట్టనిలువుగా కొడితే గాలి ఒక్క ఊపుకు లాగేస్తుంది. తాళ్లన్నీ కట్టండి, వాన లేకపోయినా. ప్రతి తాడుకూ ఒక రంగు గుడ్డ పేలిక ముడి వేయండి. పరుగెత్తే పిల్లలకు సన్నని తాడు కనపడదు.

టెంటు లేచాక పిల్లలతో కలిసి హద్దుల చుట్టూ నడవండి. "ఈ చెట్టు దాకా, ఆ బండ దాకా" అని చేత్తో ముట్టించి చెప్పండి. "దూరం వెళ్లొద్దు" అంటే ఎంత దూరమో నాలుగేళ్ల పిల్లకు తెలియదు. ప్రతి పిల్ల మెడలో ఒక ఈల వేసి ఒక్కటే నేర్పండి: దారి తెలియకపోతే దగ్గరున్న చెట్టును పట్టుకుని అక్కడే ఉండు, మూడుసార్లు ఈల వేయి, మేమే వస్తాం. కదలకుండా ఉన్న పిల్లను వెతకడం సులువు. పొద్దున బట్టలు వేశాక ఒక ఫొటో తీసి పెట్టుకోండి, ఏ రంగు చొక్కా వేసుకుందో కంగారులో గుర్తుకురాదు. చేతి పట్టీ మీద ఫోన్ నంబరు రాయండి.

తిండి వస్తువులు, పళ్లు తోమే పేస్టు, వాసన వచ్చే ఏదీ టెంటులో ఉంచకండి. కారులో పెట్టి అద్దాలు మూయండి. బిస్కెట్ పొడి రాలితే చాలు, అర్ధరాత్రికి చీమలు పక్కలోకి వస్తాయి. టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి, ఒక్క నిమిషం లోపలికి వెళ్లొచ్చినా సరే. పాములు, తేళ్లు, దోమలు అన్నిటికీ మొదటి అడ్డు అదే. బూట్లు వేసుకునేముందు ప్రతిసారీ దులపాలి.

దోమల మందు రాసే పద్ధతి చాలామందికి తెలియదు. పిల్లలకు రాసే మందులో డీట్ (దోమలను దూరంగా ఉంచే రసాయనం) 30 శాతానికి మించకూడదు, రెండు నెలల లోపు బిడ్డకు అసలు రాయకూడదు, దోమతెరే దిక్కు. నిమ్మ యూకలిప్టస్ నూనె మూడేళ్ల లోపు పిల్లలకు వద్దు. ముందు మీ అరచేతిలో వేసుకుని వాళ్లకు రాయండి. కళ్లు, నోరు, చేతివేళ్లు వదిలేయండి, వేళ్లు ఎలాగూ నోట్లోకే పోతాయి. ఎండ క్రీము కూడా రాస్తుంటే క్రీము ముందు, దోమల మందు తర్వాత.

నెగడు

అనుమతి ఉన్నచోటే, రాళ్లు పేర్చిన గుండంలోనే, టెంటుకు కనీసం 5 మీటర్ల దూరంలో వేయండి. టెంటు గుడ్డ ఒక్క నిప్పురవ్వకు కరిగి చిల్లు పడుతుంది. గుండం చుట్టూ మీటరు దూరంలో పుల్లతో గీత గీసి, ఆ గీత లోపలికి పరుగు, ఆట ఉండవని చెప్పండి. బకెట్ నీళ్లు వెలిగించకముందే పక్కన ఉండాలి.

ఆర్పడం పడుకోవడానికి అరగంట ముందే మొదలుపెట్టాలి. నీళ్లు పోయండి, కర్రతో కలపండి, మళ్లీ పోయండి. చెయ్యి వెనక వైపు దగ్గరగా పెడితే వేడి తగలకూడదు. మన్ను కప్పి వదిలేస్తే కింద కణికలు గంటల తరబడి రగులుతూనే ఉంటాయి. పొద్దున్నే ఒట్టి కాళ్లతో దాని మీద అడుగుపెట్టే పిల్లలకు అది కనపడని ప్రమాదం. ఎవరికైనా కాలితే చల్లటి పారే నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు, పేస్టు, నూనె రాయకూడదు.

ఇది మాత్రం గట్టిగా చెప్పాల్సిన మాట. చలిగా ఉందని స్టౌ, బొగ్గుల కుంపటి, లాంతరు ఏవీ టెంటులోపల, వసారాలో పెట్టకండి. మంట ఆరి బూడిద పట్టిన బొగ్గులు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లు లేవకుండానే పోతారు. చలి ఎక్కువైతే ఇంకో మ్యాట్, ఇంకో పొర బట్ట వేయండి, లేదా ఇంటికి బయల్దేరండి.

రాత్రి

ఇంట్లో పడుకునే వరస ఏదుందో అదే పాటించండి: పళ్లు తోమడం, కథ, రోజూ పట్టుకునే బొమ్మ. వేళ మాత్రం గంట ఆలస్యమైనా పరవాలేదు. వెలుతురు ఉండగా టెంటులో పిల్లలు పడుకోరు, పట్టుబట్టకండి. పడుకునేముందు టార్చి వేసి ఒళ్లంతా ఒకసారి చూడాలి: చెవుల వెనక, జుట్టు అంచులు, చంకలు, బొడ్డు, మోకాళ్ల వెనక, గజ్జలు. పిడుదు కనపడితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. కిరోసిన్, అగ్గిపుల్ల పనికిరావు. చివరగా అందరినీ మరుగుదొడ్డికి తీసుకెళ్లండి, వద్దన్నవాళ్లను కూడా.

పిల్లలు మధ్యలో, పెద్దవాళ్లు రెండు అంచులకు పడుకోవాలి. ఎందుకో తెల్లవారుజామున మూడింటికి టెంటు గోడ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. వాన లేకపోయినా గుడ్డ లోపలి వైపు చల్లటి నీటి చుక్కలు వేళ్లకు అంటుతాయి. నలుగురి ఊపిరిలోని ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. గోడకు ఆని పడుకున్న పిల్ల పక్క తెల్లారేసరికి తడిసి ఉంటుంది, టెంటు కారిందేమో అనుకుంటారు. చలి అని గాలి సందులన్నీ మూసేస్తే ఇది రెట్టింపవుతుంది. పైన గాలి కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచండి.

రాత్రి శబ్దాలకు పేరు పెట్టడం పిల్లలకు బాగా పనిచేస్తుంది. "అది కీచురాయి, అది కప్ప, అది గాలికి తాడు కొట్టుకోవడం" అని మెల్లగా చెప్పండి. "ఏం లేదు, పడుకో" అంటే ఏదో ఉందనే అనుకుంటారు. పక్కన బ్యాటరీతో వెలిగే మసక వెలుతురు చిన్న దీపం ఒకటి రాత్రంతా ఉండనివ్వండి.

ఉరుములు వినపడితే టెంటును నమ్ముకోవద్దు. గుడ్డ, కడ్డీలు పిడుగును ఆపలేవు. మెరుపు కనపడ్డాక ఉరుము 30 లెక్కపెట్టేలోపే వినపడితే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. పిల్లలను ఎత్తుకుని కారులోకి వెళ్లి అద్దాలు మూసుకోండి, చివరి ఉరుము తర్వాత అరగంట అక్కడే ఉండండి. అందుకే కారు తాళాలు, ప్రతి పిల్ల చెప్పులు తల దగ్గర పెట్టుకుని పడుకోవాలి.

పాము కాటు అని అనుమానం వస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం ఏవీ చేయకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పిల్లను ఎత్తుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

తెల్లారాక

పిల్లలు ఇంట్లోకన్నా ముందే లేస్తారు. పొయ్యి వెలిగించకుండా వెంటనే చేతికివ్వగలిగేదేదైనా, పండో రొట్టో, రాత్రే సిద్ధం చేసి కారులో ఉంచుకోండి. పక్కలు విప్పి గంటసేపు ఎండకు ఆరేయండి. టెంటు రెండు వైపులా తలుపులు తీసి గాలి ఆడనిచ్చి, చిన్న చీపురుతో ఊడ్చి, చివరికి విప్పండి. మేకులు పీకాక లెక్కపెట్టుకోవాలి, మట్టిలో మిగిలిన మేకు తర్వాత వచ్చే పిల్లల కాళ్లకు గుచ్చుకుంటుంది. గిన్నెలు కడిగిన నీళ్లు ఏటికి, చెరువుకు కనీసం 60 మీటర్ల దూరంలో పారబోయండి. డైపర్లు, తుడుపు గుడ్డలు పాతిపెట్టకూడదు, సంచిలో వెనక్కి తేవాలి.

మధ్యాహ్నం భోజనం వేళకు బయల్దేరిపోండి. పిల్లలు ఇంకాసేపు ఉందామంటున్నప్పుడే కారెక్కడం మంచిది.

ఇంటికి రాగానే ఎంత అలసటగా ఉన్నా టెంటు సంచిలోంచి తీసి ఆరేయండి. పొడిగా కనిపించినా అడుగు గుడ్డ, కుట్లు తేమగానే ఉంటాయి, ఒకటి రెండు రోజుల్లో బూజు పట్టి ఆ వాసన ఇక పోదు. నీడలో, గాలి తగిలేలా పూర్తిగా ఆరాకే మడవండి. అది ఆరుతుండగానే పెట్టెల మూతల లోపల ఒక కాగితం అతికించి, ఏది వాడలేదో, ఏది చాలలేదో, రాత్రి ఎవరికి ఎన్ని పొరలు కావాల్సి వచ్చాయో రాసి పెట్టండి.